ఉమ్మడి నంబరు

ఆ కాగితం మూడు రోజుల నుంచి అక్క బల్ల మీదే ఉంది. దాని మీద ఆమె టీ గ్లాసు పెట్టుకుంటోంది.

"తెరను గమనించకుండా కుర్చీ వదిలి వెళ్లినందువల్ల మూడో నంబరు మోటారు కాలిపోయినదని ఒప్పుకొనుచున్నాను" అని టైపు చేసి ఉంది. కింద సంతకానికి గీత. గీత మీద గ్లాసు అడుగు గుండ్రటి మరకలు వేసింది. పెద్ద ఇంజినీరు గది నుంచి రోజుకొకసారి మనిషి వచ్చి అడిగేవాడు. అక్క గ్లాసు ఎత్తి చూపించేది. మళ్లీ పెట్టేది. అతను వెళ్లిపోయేవాడు.

మాది నీళ్లు తోడే పంపుహౌస్. వడపోత తొట్ల నుంచి నీళ్లు నేల కింద సంపులోకి దిగుతాయి. నాలుగు మోటార్లు వాటిని తోడి గుట్ట మీది ట్యాంకుకి ఎక్కిస్తాయి. అక్క ఇరవై రెండేళ్లుగా ఆ మోటార్లు నడుపుతోంది. గంట గంటకీ మట్టం రాస్తుంది కాబట్టి అందరూ ఆమెను 'గంటమ్మ' అంటారు. బావ, అంటే అక్క భర్త, మోటార్లు విప్పి బిగించే ఫిట్టరు. నేను కేబుళ్లు లాగేవాణ్ణి. ఎక్కువ మాట్లాడను కాబట్టి నాకు 'మూగమేస్త్రి' అని పేరు.

మూడేళ్ల క్రితం కంపెనీ వాళ్లు వచ్చి మొత్తం మార్చారు. సంపులో, పైపుల మీద, మోటార్ల పక్కన పదకొండు మీటర్లు పెట్టారు. అవి పది సెకన్లకోసారి తమ లెక్క కంట్రోలు గదిలోని కంప్యూటరుకి పంపుతాయి. మట్టం మరీ తగ్గితే ఆ కంప్యూటరే గంట కొట్టి మోటారు ఆపుతుంది. అక్క తెర ముందు కూర్చుంటే చాలన్నారు. సంపులో దించి మట్టం చూసే అంకెల కర్ర ఇక అక్కర్లేదని స్టోరులో పడేశారు.

మీటర్ల లెక్క కంప్యూటరుకి చేరాలంటే మధ్యలో రౌటర్ దాటాలి. ఒకటి పాడైతే పని ఆగకూడదని రెండు పెట్టారు. ఒకటి పని చేస్తుంది, రెండోది పక్కన కాచుకుని ఉంటుంది. ఒక్కో పెట్టెకీ పుట్టుకతో వచ్చిన సొంత నంబరు ఒకటుంటుంది, అడుగున స్టిక్కరు మీద. అది పొడుగ్గా ఉంటుంది కనుక చివరి నాలుగు అక్షరాలే రాసుకుంటాం. మొదటి పెట్టెది 43-9సి. రెండోదానిది 51-0బి. అవి కాక రెండింటికీ కలిపి ఒక ఉమ్మడి నంబరుంది, 01-07. ఎప్పుడు ఏ పెట్టె పనిలో ఉంటే ఆ పెట్టె 01-07కి వచ్చినవన్నీ అందుకుంటుంది. ఒకటి పడిపోతే మూడు సెకన్లలో రెండోది అందుకుంటుంది. మీటర్లకీ కంప్యూటరుకీ తేడా తెలియకూడదు. కంపెనీ వాళ్లు చెప్పిన మాట అది.

ఆ మాట చెప్పినాయనకి మా బావ 'పెళ్లికొడుకు' అని పేరు పెట్టాడు. పంపుహౌస్ నేల మీద నూనె ఎక్కడంటుకుంటుందోనని బూట్లు ఎత్తెత్తి వేస్తూ నడుస్తాడు. మనిషి మంచివాడే.

మంగళవారం మధ్యాహ్నం మూడూ పదికి పెళ్లికొడుకు మొదటి పెట్టెని ఆపాడు. అందులో ఏదో కొత్తది ఎక్కించాలట. మూడు సెకన్లలో రెండో పెట్టె అందుకుంది. ఆయన తన లాప్‌టాప్ నుంచి పదకొండు మీటర్లనీ పలకరించాడు. పదకొండూ ఉన్నామన్నాయి. అంతా బాగుందని రాసుకుని టీకి వెళ్లాడు.

అక్క తెర మీద సంపు మట్టం రెండు మీటర్ల పద్నాలుగు దగ్గర నిలబడింది.

మోటారు తోడుతూంటే మట్టం నిలబడదు. అక్క చాలాసేపు ఆ అంకెనే చూసిందట. పక్కన ఎర్ర దీపం లేదు, గంట లేదు. కుర్చీ వదలొద్దని కొత్త నియమం. అయినా లేచి సంపు దగ్గరికి నడిచింది. ఇరవై ఏడు మెట్లు. పదో మెట్టు మీద ఉండగానే మూడో మోటారు గొంతు మారింది. నీళ్లు లాగే మోటారుకీ గాలి లాగే మోటారుకీ తేడా ఆమెకి చెవులతో తెలుసు. వెనక్కి పరుగెత్తి అన్నీ ఆపే ఎర్ర బొత్తాం నొక్కేసరికే అది లోపల బిగుసుకుపోయింది.

గదిలోని కెమెరా మూడూ ముప్పై ఒకటికి ఖాళీ కుర్చీని పట్టుకుంది. పెళ్లికొడుకు రాసుకున్న కాగితం నెట్‌వర్క్ బాగుందంది. మిగిలింది అక్క.

సంతకం పెడితే ఆమెను పంపుల దగ్గర నుంచి తీసేసి స్టోరులో కూర్చోబెడతారు. పెట్టకపోతే విచారణ. శుక్రవారం మూడు గంటల వరకూ గడువు.

నేను బుధవారం పొద్దున నా పుస్తకం తీశాను.

మా బడిలో ఒకటే గది, ఒకరే మాస్టారు. ఆయన నాకు బాగా నేర్పింది ఒకటే, చూసింది చూసినట్టు ఎక్కించుకోవడం. అందుకే ప్రతి సోమవారం పదకొండు మీటర్ల దగ్గరికీ వెళ్లి వాటి చిన్న అద్దంలో కనిపించేదంతా పుస్తకంలో రాస్తాను. ఎవరూ అడగలేదు, ఎవరూ చదవరు. అద్దంలో బొత్తాం మూడుసార్లు నొక్కితే మూడో పేజీ వస్తుంది. ఆ మీటరు తన లెక్క ఎవరి చేతికిస్తోందో ఆ నంబరు అక్కడుంటుంది. మూడేళ్లుగా అన్ని సోమవారాలూ నేను రాసింది ఒకటే. 43-9సి. మొదటి పెట్టె సొంత నంబరు.

బుధవారం వెళ్లి మళ్లీ చూశాను. పదకొండింటిలోనూ 51-0బి. రెండో పెట్టె సొంత నంబరు.

01-07 ఎక్కడా లేదు.

సంపు మెట్ల మీదే కూర్చున్నాను. అర్థమైంది. అర్థమవడంతో పాటు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. అది గుర్తురాకుండా ఉంటే బాగుండునని ఒక పూటంతా అనుకున్నాను.

సాయంత్రం బావ షెడ్డుకి వెళ్లాను. మూడో మోటారు బల్ల మీద విప్పి ఉంది. బావ చేతిలో బేరింగు నల్లగా ఉంది. అక్క పక్కన స్టూలు మీద కూర్చుని చిన్న మరలు డబ్బాలో వేస్తోంది.

"రావోయ్ బావమరిదీ," అన్నాడు బావ. "ఇదిగో చూడు. మీ అక్క ఒక్క చూపుతో ఇంత ఇనుము కాల్చేసిందట. నేను పాతికేళ్లుగా ఇంట్లో ఎలా బతికి ఉన్నానో కాస్త చెప్పు."

"నువ్వు ఇనుము కాదుగా," అంది అక్క. "రబ్బరు."

నేను నవ్వలేదు. అక్క నా మొహంలోకి చూసింది.

"ఏంట్రా?"

చెప్పాను. మీటర్లు కంప్యూటరుతో మాట మొదలుపెట్టేటప్పుడు, అటు నుంచి మొదటి మాట ఏ నంబరు మీద నుంచి వచ్చిందో దాన్నే పట్టుకుంటాయి. ఆ మాట తెగే వరకూ తమ లెక్కంతా ఆ నంబరుకే పంపుతాయి. మన పెట్టె మాట పంపేటప్పుడు ఉమ్మడి నంబరు వెయ్యడం లేదు, తన సొంత నంబరు వేస్తోంది. దాంతో మీటర్లు సొంత నంబరునే పట్టుకున్నాయి. ఆ పెట్టెని ఆపేశాక కూడా ఇరవై నిమిషాల పాటు ఆ చచ్చిన నంబరుకే లెక్కలు పంపుతూ కూర్చున్నాయి. రెండో పెట్టె పక్కనే ఉంది. దాని పేరు మీద ఏమీ రావడం లేదు కనుక అది ఊరుకుంది. పాత మాట తెగి మళ్లీ మొదలయ్యాకే మీటర్లు దాని సొంత నంబరు పట్టుకున్నాయి.

"ఒక కౌంటరులో ఇద్దరు గుమాస్తాలున్నారనుకో," అన్నాను. "ఉత్తరాల మీద కౌంటరు చిరునామా వెయ్యాలి. ఒకాయన తన ఇంటి చిరునామా వేస్తున్నాడు. జవాబులన్నీ ఆయన ఇంటికే వెళ్తున్నాయి. ఆయన సెలవు పెట్టాడు. రెండో గుమాస్తా కౌంటరులోనే ఉన్నాడు. ఉత్తరాలు మాత్రం తాళమేసిన గుమ్మం ముందు పడుతున్నాయి."

బావ బేరింగు కింద పెట్టాడు. "ఏడాదికి సరిపడా మాటలు ఒక్కసారే ఆడేశావు. దాహమేస్తోందా?"

"మరి పెళ్లికొడుకు పలకరిస్తే పలికాయిగా?" అంది అక్క.

"అది కొత్త మాట. కొత్త మాటకి కొత్త నంబరు పట్టుకుని పలుకుతాయి. పాత మాట పాత నంబరు మీదే ఉంది."

"ఆ సొంత నంబరు వెయ్యమని దానికి చెప్పిందెవరు?"

నా చేతులు గుడ్డతో తుడుచుకున్నాను. వాటికి ఏమీ అంటలేదు.

"నేను."

పెట్టెలు బిగించిన రోజు పెళ్లికొడుకు పక్కన నేనే నిలబడ్డాను. రెండూ ఒకే నంబరు చెబితే, ఏది పని చేస్తోందో నా పుస్తకంలో ఎలా రాసుకోను అని అడిగాను. ఆయన నవ్వాడు. దానికో గడి ఉందన్నాడు. గడిలో టిక్కు పెడితే పంపే ప్రతిదాని మీదా ఏ పెట్టె సొంత నంబరు ఆ పెట్టె వేస్తుందన్నాడు. తనకీ పనికొస్తుంది, తప్పులు వెతుక్కోవడం తేలికవుతుంది అన్నాడు. టిక్కు పెట్టాడు. నేను మూడేళ్లుగా ఆ నంబరును సంతోషంగా రాసుకుంటున్నాను.

అక్క చేతిలోని మర డబ్బాలో వేసింది.

"ఎప్పుడు తెలిసింది?" అంది అక్క.

"పొద్దున."

"పొద్దున తెలిసింది సాయంత్రం దాకా నోట్లో పెట్టుకుని తిరిగావు."

"ఊఁ."

"నీ మీదికి వస్తుందని."

"ఊఁ."

అక్క లేచి డబ్బా మూత పెట్టింది. అరుస్తుందనుకున్నాను. చెంప మీద కొట్టినా నిలబడేవాణ్ణి. ఆమె నా భుజం మీది నుంచి గుడ్డ లాక్కుని తన చేతులు తుడుచుకుంది.

"శుక్రవారం రెండింటికి మోటార్లు ఆపుతాను," అంది. "ట్యాంకు నిండి ఉంటుంది. గంటసేపు తోడక్కర్లేదు. అప్పుడు వాళ్ల కళ్ల ముందు చూపించు."

"పెద్ద ఇంజినీరు ఒప్పుకోడు."

"నేను నిన్ను ఒప్పించమన్నానా? చూపించమన్నాను."

గురువారం స్టోరుకి వెళ్లి అంకెల కర్ర తెచ్చింది. స్టోరాయన చీటీ అడిగాడట. అక్క ఏమందో నాకు తెలియదు. కర్ర మాత్రం వచ్చింది.

శుక్రవారం రెండింటికి కంట్రోలు గదిలో పెద్ద ఇంజినీరు, పెళ్లికొడుకు, బావ, నేను. మొదటి పెట్టె అప్పటికి బాగై పక్కన కాచుకుని కూర్చుంది. రెండోదే పనిలో ఉంది. మోటార్లన్నీ ఆగి ఉన్నాయి. వడపోత తొట్ల నుంచి నీళ్లు మాత్రం సంపులోకి దిగుతున్నాయి. అక్క కర్ర పట్టుకుని సంపు మెట్ల కింద నిలబడింది. కిటికీ తెరిచి పెట్టాం.

"ఏమయ్యా, ఇది ఎవరు పెట్టిన సభ?" అన్నాడు పెద్ద ఇంజినీరు. "ఆవిడ సంతకం పెట్టిందా లేదా?"

"రెండో పెట్టెని ఆపి చూపిస్తాను సార్."

"చేతులు పెట్టొద్దు. కంపెనీ పని కంపెనీ చూసుకుంటుంది. నీ పని కేబుళ్లు."

"ఇదీ కేబులే సార్," అన్నాను.

రెండో పెట్టె కరెంటు తీగ పట్టుకుని లాగేశాను.

పెద్ద ఇంజినీరు కుర్చీలోంచి లేచాడు. పెళ్లికొడుకు లాప్‌టాప్ మీదికి వంగాడు. మూడు సెకన్లు. మొదటి పెట్టె దీపాలు ఆకుపచ్చగా ఆడాయి.

"అందుకుంది," అన్నాడు పెళ్లికొడుకు ఊపిరి వదిలి. "చూశారా సార్, ఏమీ కాలేదు." మీటర్లని పలకరించాడు. "పదకొండూ ఉన్నాయి."

తెర మీద సంపు మట్టం రెండు అరవై.

కాసేపటికి కిటికీలోంచి అక్క గొంతు. "రెండు అరవై ఆరు!"

తెర మీద రెండు అరవై.

గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాయి. బావ కిటికీ చువ్వలకి ఆనుకుని చంక గోక్కున్నాడు.

"రెండు డెబ్బై మూడు!"

రెండు అరవై. పెళ్లికొడుకు మళ్లీ పలకరించాడు. పదకొండూ ఉన్నామన్నాయి.

"ఉంటే ఉన్నాయి గానీ," అన్నాడు బావ, "బతికున్నవాళ్లు కాస్త నోరు విప్పొచ్చుగా. మా బావమరిదిలాగా తయారయ్యాయేంటి?"

"రెండు ఎనభై! వినపడుతోందా లోపల?"

పెద్ద ఇంజినీరు తెర దగ్గరికి నడిచి, అంకె మీద వేలు పెట్టాడు. అలా పెడితే కదులుతుందేమోనన్నట్టు. కదలలేదు.

"మంగళవారం ఇదే జరిగింది సార్," అన్నాను. "ఆ రోజు తగ్గుతోంది, ఇవాళ పెరుగుతోంది. అక్క ఈ తెర ముందు కూర్చుని కదలని అంకెను చూసింది. అనుమానం వచ్చి లేచింది. లేవకపోతే కాలేది ఒక మోటారు కాదు, మిగతావీ కాలేవి."

నా పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. పెళ్లికొడుకు వంగి చూశాడు. 43-9సి, 43-9సి, 43-9సి, పేజీల నిండా. ఆయన మొహం నెమ్మదిగా మారింది. ఆయనకి నేను విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"ఆ గడిలో టిక్కు తీసెయ్యండి," అన్నాను. "ఏ పెట్టె పంపినా ఉమ్మడి నంబరు మీదే పంపాలి."

తీసేశాడు. రెండో పెట్టెకి తీగ తగిలించి అందులోనూ తీసేశాడు. నేను వెళ్లి మీటర్లన్నీ ఆపి మళ్లీ వేసి వచ్చాను. మూడో పేజీలో పదకొండింటికీ 01-07. ఈసారి మొదటి పెట్టె తీగ లాగాను.

"రెండు తొంభై ఒకటి!" అంది అక్క.

తెర మీద రెండు తొంభై. మూడు సెకన్లు, నాలుగు, పది. రెండు తొంభై ఒకటి. ఇంకో నిమిషానికి రెండు తొంభై రెండు.

"తొంభై రెండు!"

బావ చప్పట్లు కొట్టబోయి, పెద్ద ఇంజినీరు మొహం చూసి ఆ చేతులతోనే దోమను కొట్టినట్టు చేశాడు.

"ఈ టిక్కు ఎవరు పెట్టారు?" అన్నాడు పెద్ద ఇంజినీరు.

పెళ్లికొడుకు తన బూట్ల వంక చూసుకున్నాడు. తర్వాత నా వంక చూశాడు. చెప్పనా వద్దా అని అడుగుతున్న చూపు అది.

"నేను అడిగాను సార్. ఆయన పెట్టాడు," అన్నాను.

"అంటే తప్పు నీదన్నమాట."

"అడగడం నాది. పెట్టడం ఆయనది. మూడేళ్లలో ఒక్కసారి కూడా పెట్టె ఆపి చూడొద్దన్నది మీరు. ఏడాది కిందట అడిగాను, నడుస్తున్నదాన్ని కెలకొద్దన్నారు. అదీ పుస్తకంలో తారీఖుతో ఉంది. ఇందులో అక్కది ఏమీ లేదు."

అంత పొడుగు మాట ఆ గదిలో నేను అంతకు ముందు అనలేదు. పెద్ద ఇంజినీరు పుస్తకం మూసి నా వైపు తోశాడు.

అక్క మెట్లెక్కి వచ్చింది. కర్ర తడిగా ఉంది, గదిలో నేల మీద నీళ్లు కారుతున్నాయి. పెళ్లికొడుకు బూట్లు పక్కకి జరిపాడు.

"చూడమ్మా," అన్నాడు పెద్ద ఇంజినీరు, గొంతు తగ్గించి. "విషయం అర్థమైంది. కానీ ఫైలు ఇప్పటికే పైకి వెళ్లింది. కుర్చీ ఖాళీగా ఉన్నట్టు కెమెరాలో ఉంది. మీరు సంతకం పెట్టేస్తే చిన్న హెచ్చరికతో ముగించేస్తాను. స్టోరుకి కూడా పంపను. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"నాకుంటుంది," అంది అక్క.

"చిన్న హెచ్చరికేనమ్మా."

"పెద్దదైతే పెడతానా? చిన్నదైనా పెట్టను. ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందో మీరే రాయండి. సంపు చూడ్డానికి వెళ్లిందని రాయండి. దాని కింద ఇప్పుడే పెడతాను."

గడియారం మూడు కొట్టింది. అక్క బల్ల దగ్గరికి వెళ్లి గ్లాసు పక్కన పెట్టి, ఆ కాగితం తిరగేసింది. వెనక ఖాళీ వైపు పెన్నుతో రాసింది. మూడు గంటలు, సంపు మట్టం రెండు తొంభై ఎనిమిది, కర్రతో. కింద సంతకం పెట్టింది. పెద్ద ఇంజినీరు చేతికిచ్చింది.

"ఇదిగోండి. గడువులోనే ఇచ్చాను."

ఆయన రెండు వైపులా చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. పైకి ఏమి రాశాడో మాకు తెలియదు. అక్క పంపుల దగ్గరే ఉంది. విచారణ అన్న మాట మళ్లీ వినపడలేదు.

నాకు మాత్రం సోమవారం మెమో వచ్చింది. రెండు తప్పులు రాశారు. కంపెనీ మనిషికి లేనిపోని సలహా ఇచ్చాననీ, అనుమతి లేకుండా తీగ లాగాననీ. రెండూ జరిగినవే. జరిగినట్టే రాశారు కాబట్టి సంతకం పెట్టాను. కింద ఇంకో వరుస ఉంది, ఇకపై అనుమతి లేకుండా రౌటర్ల జోలికి వెళ్లనని హామీ ఇస్తున్నానని. ఆ వరుస మీద గీత కొట్టి, సంతకం దానికి పైన పెట్టాను.

సోమవారాలు ఇప్పటికీ మీటర్లు చూస్తాను. పుస్తకంలో 01-07 పదకొండుసార్లు రాస్తాను. ఏ పెట్టె పని చేస్తోందో దాన్ని బట్టి తెలియదు. మొదట్లో ఆ వరుస చూస్తే చెయ్యి ఆగేది, ఏదో పోగొట్టుకున్నట్టు. ఇప్పుడు గబగబా రాసేస్తున్నాను.

ఆ తర్వాత మధ్యాహ్నం రెండింటికి అక్క మోటార్లు ఆపి కర్ర పట్టుకుని మెట్లు దిగుతుంది. నేను పనిలో ఉన్న పెట్టె తీగ లాగుతాను. ఆమె కింద నుంచి అంకె అరుస్తుంది. నేను తెర మీది అంకె అరుస్తాను. మూడోవారం పెద్ద ఇంజినీరు గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశాడు.

"ఎవరినడిగి చేస్తున్నారు?" అన్నాడు.

"మూడు పాయింట్ సున్నా నాలుగు!" అంది అక్క కింది నుంచి.

"సున్నా నాలుగు!" అన్నాను నేను.